వత్తులు నరికేస్తున్న యాప్‌లు

సంపాదకులకు,

రొయ్యల చెరువుల లెక్కలకూ ధాన్యం అమ్మకాలకూ కోనసీమ, భీమవరం వైపు తెలుగు యాప్‌లు వాడకంలోకి వస్తున్నాయి. సంతోషమే గానీ, చాలావాటిలో బటన్ మీద ‘రొయ్యలు’ అన్న మాటకు కింది వత్తు సగం తెగి కనిపిస్తోంది. ఇంగ్లిష్ అక్షరాల కొలతకు బటన్ ఎత్తు బిగించేయడమే కారణం. ఎత్తును ‘రాప్ కంటెంట్’కు, అంటే లోపలి మాటను బట్టి పెరిగే అమరికకు వదిలి, 48 డీపీని (డీపీ అంటే ఆండ్రాయిడ్ స్క్రీన్ కొలత) కనీస ఎత్తుగా పెడితే చాలు. అక్షరాల సైజు మాత్రం ఎస్‌పీలోనే, అంటే ఫోన్‌లో పెట్టుకున్న ఫాంటు సైజును బట్టి మారే కొలతలోనే ఉండాలి. పైగా యాప్‌ను ఆండ్రాయిడ్ 15కు తగ్గట్టు మార్చగానే (టార్గెట్ చేయగానే) అక్షరాలను నిలువునా కుదించకుండా చూపే ‘ఎలిగెంట్ టెక్స్ట్ హైట్’ సెట్టింగ్ దానంతటదే ఆన్ అవుతుంది. దాంతో తెలుగుకు నిలువు జాగా ఇంకాస్త కావాలి. నిన్నటిదాకా బాగున్న స్క్రీన్ కూడా అప్పుడు చెడొచ్చు. అందుకే ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటలు టైప్ చేసి, ఫోన్‌లో ఫాంటు అతి పెద్దదిగా పెట్టి చూడాలి. కళ్లజోడు పెట్టుకునే రైతులు వాడేది అలాగే కదా!

ఇక సిగ్నల్ సంగతి. లంక గ్రామాల్లో నెట్ వస్తూ పోతూ ఉంటుంది. చెరువు గట్టున రాసిన మేత లెక్క ముందు ఫోన్‌లోనే లెక్కలు దాచే రూమ్ డేటాబేస్‌లో పడాలి, నెట్ తగలగానే వర్క్‌మేనేజర్ (వెనకాల పనులు నడిపే ఆండ్రాయిడ్ సాధనం) దాన్ని సర్వర్‌కు పంపాలి. ప్రతి నమోదుకూ ఫోన్‌లోనే యూయూఐడీ, అంటే మరో నమోదుకు రాని ప్రత్యేక నంబరు ఇచ్చి, అదే నంబరు మళ్లీ వస్తే సర్వర్ వదిలేయాలి. లేకపోతే సర్వర్ జవాబు దారిలో ఆగిన ప్రతిసారీ అదే మేత రెండోసారి ఎక్కుతుంది.

పెద్ద ఫాంటులో వత్తు తెగకపోవడం, నెట్ ఆగినా లెక్క రెండుసార్లు ఎక్కకపోవడం – యాప్ చేయించుకునే శాఖలూ కంపెనీలూ ఈ రెండు పరీక్షలనూ ఒప్పందంలోనే రాయించాలి.

– ఒక యాప్ డెవలపర్, అమలాపురం