దోమతెరల లెక్క ఎక్కడ ఆగిందో చెప్పండి: ఒక ఆరోగ్య సేవా సంస్థ అధ్యక్షులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులకు నమస్కారాలు.

మీ సంస్థకు ఏళ్ల తరబడి విరాళమిస్తున్న వ్యక్తిగా నేను రాసిన మూడు ఉత్తరాలకూ జవాబు రాకపోవడం వల్లనే ఈ లేఖను నలుగురి ముందు ఉంచుతున్నాను.

మీ వార్షిక నివేదికలో ఎన్ని దోమతెరలు పంచారో ఉంది. వాటిలో ఎన్ని ఏడాది తరువాత కూడా పడకల మీద వేలాడుతున్నాయో, ఎన్ని చిరిగిపోయాయో, ఎన్ని ఇళ్లకు చేరనే లేదో ఒక్క వాక్యం లేదు. ఆడిట్ నివేదిక సక్రమంగానే ఉంది, కానీ అది డబ్బు ఎటు వెళ్లిందో చెబుతుంది తప్ప జ్వరం తగ్గిందో లేదో చెప్పదు. ప్రపంచవ్యాప్తంగా మలేరియా మరణాల్లో అత్యధికం ఐదేళ్లలోపు పిల్లలవే కనుక, చిరిగిన తెర గురించిన మౌనానికి మూల్యం చెల్లించేది దాతలు కాదు, ఆ తెర కింద నిద్రపోయే పసిబిడ్డ.

ఇది అసాధ్యమైన కోరిక కాదు. దోమతెరలు సమకూర్చే సేవా సంస్థ అగెనెస్ట్ మలేరియా ఫౌండేషన్ పంపిణీ అనంతర తనిఖీల ఫలితాలను బహిరంగపరుస్తోంది. సేవా సంస్థలను మదింపు చేసే గివ్‌వెల్, 2007లో ఏర్పడినది, తన పొరపాట్లను తానే ప్రచురించుకుంటోంది. తప్పు ఒప్పుకున్నందుకు దాని మీద నా నమ్మకం పెరిగిందే గానీ తగ్గలేదు.

కనుక గత మూడేళ్ల తనిఖీ వివరాలను, సర్వే చేసిన పద్ధతితోనూ విఫలమైన పంపిణీలతోనూ సహా, తొంభై రోజుల్లో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. తనిఖీలే జరగకపోతే, ఆ మాటనే రాతపూర్వకంగా తెలియజేయండి.

భవదీయుడు,
ఒక దాత