గుప్పెడు బియ్యం

సంపాదకుల వారికి నమస్కారం.

ఏటా నవంబర్ 19 వచ్చిందంటే పత్రికల్లో దివిసీమ ఉప్పెన ఫోటోలు వేస్తారు. పదివేల మంది పోయారని రాస్తారు. నిజమే. మిగిలినవాళ్ళం ఆ తర్వాత ఏం తిని బతికామో మాత్రం నాకెక్కడా కనిపించలేదు. అది చెబుదామనే ఈ ఉత్తరం.

1977లో నాకు పదకొండేళ్ళు. ఆ శనివారం నీళ్ళు మీదికొస్తుంటే నాన్న నన్ను తుమ్మచెట్టు ఎక్కించాడు. తెల్లారి దిగేసరికి ఒంటినిండా ముళ్ళు, ఇల్లున్న చోట బురద. మా చెల్లి దొరకలేదు. ఎక్కడ చూసినా ఉప్పునీళ్ళే. రాలిన కొబ్బరిబోండాలు కొట్టుకుని తాగాం. మూడో రోజో నాలుగో రోజో హెలికాప్టర్ నుంచి పులిహోర పొట్లాలు పడ్డాయి. అమ్మ పొట్లం విప్పకుండానే కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టింది. ఆకలికి నాకు ఏడుపొచ్చింది.

తర్వాత సాయం బియ్యం ఇచ్చారు. మా చర్చి సంఘంలో ఆడవాళ్ళు ఎసట్లో పోసేముందు గుప్పెడు బియ్యం పక్కన తీసి, ఆదివారం గుడికి పట్టుకెళ్తారు. అమ్మ మొదటిరోజే సొట్టగిన్నెలో తీసిపెట్టింది. “మనకే లేవు, దేవుడికెందుకే?” అన్నాడు నాన్న. “ఆయన తింటాడా ఏంటి? ఎవరిచ్చారో నేను మర్చిపోతానని” అంది. దేవుడే పోషించాడన్న మాట వింటే మా పెదనాన్న మాత్రం లేచి వెళ్ళిపోయేవాడు. ఆయన భార్యాపిల్లలు ఒక్కరూ మిగల్లేదు. ఆయనది తప్పని నేనిప్పటికీ అనలేను.

ఉప్పెక్కిన మా పొలం చాన్నాళ్ళు సరిగ్గా పండలేదు. ఇప్పుడు అందులోనే ఉప్పునీళ్ళు పెట్టి రొయ్యలు పెంచుతున్నాం. రేటు పలికిన ఏడు మేడ కట్టాం. బియ్యం పాతిక కిలోల బస్తాల్లో వస్తాయి, కోడలు కప్పుతో కొలిచి కుక్కర్లో పోస్తుంది. మొన్న అటక సర్దుతుంటే అమ్మ సొట్టగిన్నె దొరికింది. అందులో పాత తాళంచెవులు, కాలిపోయిన బల్బు ఒకటి. గుప్పెడు తీయడం ఎప్పుడు మానేశామో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. కోడల్ని అనడానికి లేదు, నాకే తట్టలేదు. రొయ్యలకు వైరస్ తగిలి చెరువు మొత్తం తేలిపోయిన ఏడు మాత్రం రోజూ మోకాళ్ళ మీదే ఉన్నాను లెండి.

గిన్నె తోమించి మళ్ళీ బియ్యం డబ్బా పక్కన పెట్టించాను. కోడలు రోజూ తీస్తోంది. మర్చిపోయిన రోజు నేను తీస్తున్నాను.

మీకో విన్నపం. ఈసారి నవంబర్‌లో ఫోటోలతో పాటు ఆ పొట్లాలు కట్టినవాళ్ళ గురించి కూడా వేయండి. రాత్రంతా కూర్చుని చింతపండు పిసికిందెవరో, ఏ ఊరివాళ్ళో మాకు తెలీదు. ఇప్పుడు డెబ్బై దాటి ఉంటారు. ఎవరైనా ఉత్తరం రాస్తే తప్పకుండా అచ్చు వేయండి. మాకు దొరికిన పొట్లం విస్తరాకుది, పైన తెల్లదారం చుట్టి ఉంది. వేరుశనగపప్పులు బాగా వేశారు.

ఒక పాఠకుడు,
నాగాయలంక మండలం, కృష్ణా జిల్లా