టెన్త్ తర్వాత ఏసీ, ఫ్రిజ్ మెకానిక్ చదువు గురించి మీతో ఒక మాట

తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి సెలవులయ్యాక బడి తెరిచేసరికి మన వాటర్ కూలర్ మొండికేసింది. నీళ్లు వస్తున్నాయి గానీ చల్లబడటం లేదు. చలికాలమే కదా అని నెల రోజులు అలాగే వదిలేశాం. ఫిబ్రవరిలో ఎండ ముదిరాక, మధ్యాహ్న భోజనం చేసి వచ్చిన పిల్లలు ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేయడం చూసి ఇక లాభం లేదనుకున్నాను. పోయిన వేసవిలో ఒకాయన వచ్చి "గ్యాసు అయిపోయింది మేడమ్" అని గ్యాసు కొట్టి డబ్బు తీసుకెళ్లాడు. ఏడాది తిరగకుండానే మళ్లీ అదే కథ. ఈసారి టెక్కలి నుంచి మన బడి పాత విద్యార్థిని పిలిపించాం. అతను పని చేస్తుంటే తొమ్మిదో తరగతి పిల్లలందరినీ వరండాలో కూర్చోబెట్టాను. ఆ గంటన్నరలో నేను చూసిందే ఈ నెల ఉత్తరానికి కారణం.

అతను వచ్చీ రాగానే గ్యాసు కొట్టలేదు. వెనక రేకు విప్పి పిల్లలకు చూపించాడు. సముద్రపు గాలికి కాయిల్ రెక్కలు పొడిపొడిగా రాలుతున్నాయి, మధ్యలో దుమ్ము, కొబ్బరి పీచు. "ఫ్రిజ్‌లో గ్యాసు వంటగ్యాసులా ఖర్చయిపోయేది కాదమ్మా. అదే గ్యాసు లోపల తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కన్నం ఉన్నట్టే" అన్నాడు. పైపుల్లోకి నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురగ బ్రష్షుతో ఒక్కో అతుకు దగ్గరా రాసుకుంటూ వచ్చాడు. ఒకచోట ఆవగింజంత బుడగ లేచింది, పెరిగింది, పగిలింది, మళ్లీ లేచింది. ముందుగా చూసింది వెనక వరసలో కూర్చున్న అమ్మాయి. "అన్నయ్యా, అదిగో!" అని లేచి నిలబడింది. ఏడాది పాటు మన కూలర్‌ను ఎండగట్టింది ఆ ఆవగింజే.

నైట్రోజన్ వదిలేసి, అతుకు దగ్గర గరుకు కాగితంతో రాగి మెరిసేదాకా రుద్దాడు. మంట పెట్టి, పైపు ఎర్రబడ్డాక అతుకు వేసే లోహపు కడ్డీ తాకిస్తే అది నీళ్లలా కరిగి అతుకు చుట్టూ పాకింది. తర్వాత వ్యాక్యూమ్ పంపు పెట్టి అరగంటకు పైగా ఊరికే కూర్చున్నాడు. "ఏం చేస్తున్నావు బాబూ?" అని మా సోషల్ మాస్టారు అడిగితే, "లోపలి తేమ లాగేస్తున్నానండి. కాస్త చెమ్మ ఉండిపోయినా సన్న పైపులో మంచు కట్టి అడ్డం పడుతుంది. చాలామంది ఈ అరగంట ఆగరు" అన్నాడు. చివరికి సిలిండర్‌ను చిన్న కాటా మీద పెట్టి, నేమ్ ప్లేటు మీద ఎన్ని గ్రాములని ఉందో అన్ని గ్రాములు, బంగారం తూచినట్టు తూచి ఎక్కించాడు.

ఆ పిల్లవాడి గురించి మీకు ఒక విషయం చెప్పాలి. పదేళ్ల క్రితం అతను టెన్త్‌లో రెండు సబ్జెక్టులు తప్పాడు. అప్పుడు వాళ్ల అమ్మ నా దగ్గరకు వస్తే నేనన్న మాట: "చదువు అబ్బేలా లేదమ్మా, సప్లిమెంటరీలో గట్టెక్కితే ఏ ఐటీఐలోనైనా పడెయ్యండి." ఆవిడ ఏమీ అనకుండా కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. పడెయ్యడం అనే మాట చెత్తకు వాడతాం. ఒక తల్లితో ఆమె బిడ్డ గురించి ఆ మాట వాడాను. మొన్న పని అయ్యాక అతనికి టీ ఇచ్చి, ఆ రోజు అలా అన్నందుకు బాధపడుతున్నానని చెప్పాను. "మీరు పంపబట్టే కదండీ మేడమ్ ఇది నేర్చుకున్నాను" అన్నాడు. పంపడం వేరు, పడెయ్యడం వేరు. ఈ సంవత్సరం మన బడిలో ఏ టీచరూ ఆ రెండో మాట అనకూడదని స్టాఫ్ మీటింగులో చెప్పాను. మీరూ ఇంట్లో అనకండి.

పదో తరగతి పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడితే నాకు వినిపించేవి రెండే దారులు. ఇంటర్ ఎంపీసీ, లేకపోతే బైపీసీ. ఆ రెండూ మంచివే, ఇష్టమున్న పిల్లలు తప్పకుండా చదవాలి. నా దిగులంతా, ఇష్టం లేకపోయినా పక్కింటి వాళ్లు చేర్చారని చేరి, ఇంటర్ మధ్యలో ఆపేసి, గుజరాత్‌లోని వేరావల్‌లో చేపల బోటు మీదకో, హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికో వెళ్లిపోతున్న పిల్లల గురించి. మన జిల్లా నుంచి ఎంతమంది అలా వెళ్తున్నారో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ప్రతి వీధిలో తాళం వేసిన ఇల్లు ఉంది.

చల్లదనం పని చేతిలో ఉన్నవాడికి ఇక్కడే ఎంత పని ఉందో ఒకసారి చూడండి. రాష్ట్రంలో ఎక్కువ పొడవైన తీరం మన జిల్లాదే, సుమారు 193 కిలోమీటర్లు. ఒడ్డుకు వచ్చిన చేప, రొయ్య ఐసు లేకుండా పూట నిలవవు. పాలు పితికిన కొద్ది గంటల్లోనే 4 డిగ్రీలకు దించాలి, లేకపోతే విరిగిపోతాయి. ప్రతి పీహెచ్‌సీలో పసిపిల్లల టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. రక్తనిధిలో రక్తం 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఉండాలి. పైడిభీమవరం మందుల కంపెనీల్లో చిల్లర్లు, అంటే చల్లబరిచే పెద్ద యంత్రాలు, ఆగితే పని ఆగుతుంది. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మన ఉద్దానం వాళ్ల కోసమే వచ్చాయి. అక్కడి ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచి, వడగట్టి పంపే యంత్రాలనూ ఎవరో ఒకరు చూసుకోవాలి. భోగాపురం విమానాశ్రయం, మూలపేట పోర్టు సంగతి సరేసరి. ఇక మన జీడితోటల్లో గింజ తీసుకుని పండును చెట్టు కిందే వదిలేస్తాం. ఒక్క రోజుకే కుళ్లిపోతుంది కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు. చల్లటి గది అందుబాటులో ఉంటే ఆ పండుకూ ధర వస్తుందని నాకు ఎప్పటినుంచో ఆశ.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి మీలో ఎవరూ మరిచిపోయి ఉండరు. కొబ్బరి, జీడి ఎలా పడిపోయాయో అందరం చూశాం. మా ఇంట్లో ఆ రోజుల్లో నాకున్న పెద్ద భయం మా అమ్మ ఇన్సులిన్ సీసా. కరెంటు లేదు, ఫ్రిజ్ పెట్టెలా నిలబడి ఉంది. మట్టికుండలో ఇసుక పోసి, తడిపి, సీసాను పాలిథిన్ కవర్లో చుట్టి పెట్టి, పైన తడిగుడ్డ కప్పాను. గంటకోసారి లేచి గుడ్డ తడిపేదాన్ని. నీరు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని తీసుకుపోతుందని తొమ్మిదో తరగతి పిల్లలకు ఎన్నో ఏళ్లు పాఠం చెప్పాను గానీ, ఆ పాఠం విలువ ఆ రాత్రులే తెలిసింది. ఫ్రిజ్‌లో జరిగేదీ అదే. ద్రవం ఆవిరవుతూ లోపలి వేడిని తాగుతుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి వెనక కాయిల్‌లోకి పంపితే అది ఆ వేడిని బయట వదిలేసి మళ్లీ ద్రవం అవుతుంది. కుండలో నీరు గాలిలో కలిసిపోతుంది, ఫ్రిజ్‌లో తిరిగి వస్తుంది, అంతే తేడా. ఇదే యంత్రం బయట వదిలే వేడిని వాడుకుంటే నీళ్లు వేడి చేయవచ్చు, గది వెచ్చబరచవచ్చు.

కూలర్ బాగుచేసిన రోజు ఒక అబ్బాయి "ఒకటిన్నర టన్ను ఏసీ అంటే అంత బరువుంటుందా అన్నా?" అని అడిగాడు. అందరూ నవ్వారు గానీ అది చాలా మంచి ప్రశ్న. యంత్రాలు రాకముందు మంచు ఓడల్లో వచ్చేది. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి కలకత్తాకు మంచుగడ్డలు దిగాయి. తర్వాత మద్రాసుకూ వచ్చాయి. ఆ మంచు దాచడానికి కట్టిన ఐస్ హౌస్ ఇప్పటికీ చెన్నై బీచ్ ఎదురుగా ఉంది. ఒక టన్ను మంచు 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడి లాగేస్తుందో ఆ లెక్కే ఏసీ టన్ను. మా లెక్కల మేడమ్ అప్పటికప్పుడు బోర్డు మీద వేయించారు. అమెరికా టన్ను 907 కిలోలు, కిలో మంచు కరగడానికి 80 కిలోకేలరీలు, 24తో భాగిస్తే గంటకు మూడు వేల పైచిలుకు కిలోకేలరీలు. కరెంటు లెక్కలో మూడున్నర కిలోవాట్లు. భాగహారమంటే తల దించుకునే పిల్లలు కూడా ఆ రోజు పోటీపడి చేశారు.

ఇప్పుడు మీకు కావలసిన వివరాలు. ఐటీఐలో ఈ ట్రేడును మెకానిక్ రిఫ్రిజరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ అనేవారు, ఇప్పుడు టెక్నీషియన్ అని కూడా రాస్తున్నారు. టెన్త్ పాసై ఉండాలి, చదువు రెండేళ్లు. ఆ తర్వాత అప్రెంటిస్‌గా చేరితే స్టైపెండ్ ఇస్తూ పని నేర్పుతారు. ప్రతి ఐటీఐలో ఈ ట్రేడు ఉండదు, అందుకే దరఖాస్తు చేసేముందు చూసుకోవాలి. ఈ ఏడాది నోటిఫికేషన్ రాగానే ఏ కాలేజీలో ఎన్ని సీట్లో మన నోటీసు బోర్డులో పెడతాం. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి మెకానికల్ డిప్లొమాలో చేరడం ఇంకో దారి. డిప్లొమా అయ్యాక ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలోకి వెళ్లవచ్చు. అంటే ఈ దారిలో వెళ్తే పై చదువు తలుపులు మూసుకుపోతాయన్నది అపోహ. "గవర్నమెంటు ఉద్యోగం రాదు కదా మేడమ్" అనే నాన్నలకు ఒక మాట. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు టెన్త్‌తో పాటు అడిగే ఐటీఐ ట్రేడుల్లో ఇదీ ఒకటి.

కష్టాలు దాచను. ఎండాకాలంలో ఊపిరి తీసుకునే తీరిక ఉండదు, వానాకాలంలో ఏసీ పని పలచబడుతుంది. ఎత్తు మీద నిలబడాలి, కరెంటుతో పని, మంటతో పని. గ్యాసులు కూడా మారిపోతున్నాయి. పాత ఏసీల్లోని ఆర్-22 అనే గ్యాసు ఓజోన్ పొరకు చేటు చేస్తుంది కాబట్టి, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద మన దేశం 2030 కల్లా దాన్ని దాదాపుగా వదిలేయాలి. ఇప్పటి ఇంటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండేది ఆర్-600ఏ. అది ఐసోబ్యూటేన్, వంటగ్యాసుకు దగ్గరి చుట్టం, నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఐస్ ప్లాంటులో అమ్మోనియా లీకైతే కళ్లు, ఊపిరితిత్తులు పాడవుతాయి. అందుకే షాపులో నాలుగు రోజులు నిలబడి చూసి నేర్చుకునే పని కాదిది ఇప్పుడు. 2019 మార్చిలో కేంద్రం తెచ్చిన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్‌లో లక్ష మంది సర్వీసు టెక్నీషియన్లకు శిక్షణ, సర్టిఫికెట్ అన్న లక్ష్యం పెట్టుకోవడానికి కారణం కూడా ఇదే.

ఈ సందర్భంగా చేతులు జోడించి ఒకటి అడుగుతున్నాను. "సెలవుల్లో ఖాళీగానే ఉంటాడు కదా" అని ఎనిమిది, తొమ్మిది చదివే పిల్లల్ని మెకానిక్ షాపుల్లో పెట్టకండి. పద్నాలుగేళ్లు నిండని పిల్లల్ని పనిలో పెట్టడం చట్టప్రకారం నేరం. పద్దెనిమిది నిండేదాకా ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. ముందు టెన్త్ పాసవనివ్వండి. సైన్సు, లెక్కలు అర్థమైన పిల్లవాడికీ, పాన వాడటం మాత్రమే తెలిసినవాడికీ తేడా ఆ సబ్బు బుడగ దగ్గరే తెలిసిపోయింది.

ఆడపిల్లల సంగతి. బుడగ ముందుగా చూసిన అమ్మాయి మర్నాడు నా గదికి వచ్చి "ఐటీఐలో మమ్మల్ని చేర్చుకుంటారా మేడమ్?" అని అడిగింది. చేర్చుకుంటారు. "మా నాన్న ఒప్పుకోడేమో" అంది. ఆ నాన్న కూడా ఈ ఉత్తరం చదువుతారు. అయ్యా, మీ అమ్మాయి చూపు చాలా నిశితం. ఆసుపత్రుల్లో టీకాల ఫ్రిజ్‌లు, ల్యాబు యంత్రాలు చూసుకునే పనిలో బరువులు మోసే కండ కంటే ఆ చూపే ఎక్కువ అవసరం. ఒకసారి బడికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం.

వచ్చే నెల రెండో శనివారం ఉదయం పది గంటలకు పదో తరగతి తల్లిదండ్రుల సమావేశం ఉంది. మన పాత విద్యార్థి కూడా వస్తానన్నాడు. పని గురించి, సంపాదన గురించి అతన్నే మొహమాటం లేకుండా అడగండి. మీ ఇంట్లో మూలన పడి ఉన్న పాత ఫ్రిజ్ గానీ కూలర్ గానీ ఉంటే బడికి ఇవ్వండి, పిల్లలు విప్పి చూసుకుంటారు. తూకానికి అమ్మే వాళ్ల చేత మాత్రం ముందే పైపులు కోయించకండి. లోపల గ్యాసు ఉంటే దాన్ని బయటకు వదలకుండా సిలిండర్‌లోకి ఎలా పట్టాలో చూపించడమే ఆ రోజు మొదటి పాఠం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, శ్రీకాకుళం జిల్లా