ఆ నెగెటివ్‌లను తూకానికి పోనివ్వకండి

అయ్యా,

చెన్నై చెపాక్ మైదానంలో 1986 సెప్టెంబరులో టై అయిన భారత్–ఆస్ట్రేలియా టెస్టు ఫొటో ఒకటి ఈమధ్య చూశాను. తీసినవారి పేరు లేదు. ‘ఫైల్ ఫొటో’ అని వేసి ఊరుకున్నారు. అది చూశాక మనసు ఊరుకోక ఈ ఉత్తరం రాస్తున్నాను.

అప్పుడు నేను మౌంట్ రోడ్డు పక్క సందులో ఒక చిన్న ఫొటో ఏజెన్సీలో డార్క్‌రూమ్ పని చేసేవాణ్ని. మధ్యాహ్నం భోజన విరామానికల్లా ఒక కుర్రాడు స్కూటరు మీద ఫిల్ము రోళ్లు తెచ్చేవాడు. కడిగి, ఆరీ ఆరకముందే ప్రింట్లు వేసి, వెనక క్యాప్షన్ చీటీ అతికించి, ఆంధ్రా పత్రికల కవర్లను రాత్రి రైలుకు సెంట్రల్‌లో అందించాలి. ఎండకు వాంతులు చేసుకుంటూనే డీన్ జోన్స్ 210 కొట్టిన మ్యాచ్ అది. 348 కొట్టాల్సిన మనవాళ్లు 347 దగ్గర మణీందర్ ఎల్బీడబ్ల్యూతో ఆగిపోయారు. ట్రేలో ఆ బొమ్మలు మెల్లగా తేలుతుంటే చూసిన కళ్లు నావి.

ఆ ఏజెన్సీ మూతపడింది. పెట్టెలు కొన్నేళ్లు మేడమీద రేకుల గదిలో ఉన్నాయి. ఒకసారి మూత తీస్తే గుప్పున వెనిగర్ వాసన. అసిటేట్ ఫిల్ము వేడికీ తేమకూ కుళ్లుతుంటే వచ్చే వాసన అది. ఒకసారి మొదలైతే ఆగదు, పక్కనున్న ఫిల్ముకూ పాకుతుంది. మిగిలినవి ఫిల్ములోని వెండి తీసేవాళ్లకు తూకానికి పోయాయి. అమ్మినవాళ్లను నేను తప్పుపట్టను. అద్దె గదిని ఎన్నాళ్లని మోస్తారు?

1968 మెక్సికో ఒలింపిక్స్‌లో బాబ్ బీమన్ లాంగ్ జంప్‌లో 8.90 మీటర్లు దూకినప్పుడు, అప్పటికింకా వృత్తి ఫొటోగ్రాఫర్ కాని టోనీ డఫీ తీసిన ఫొటో లోకమంతా తిరిగింది. ఆయన పెట్టిన ఆల్‌స్పోర్ట్ ఏజెన్సీని 1998లో ఫొటోల సంస్థ గెట్టీ కొనుక్కుంది. అలాంటి ఏజెన్సీకి అసలు ఆస్తి బీరువాల్లో వరసగా, తేదీలతో దాచిన ఫిల్మే. మన దగ్గర అదే ఫిల్ము కిలోల లెక్కన పోయింది.

1952 ఫిబ్రవరిలో భారత్ తొలి టెస్టు విజయం చెపాక్‌లోనే. వినూ మన్కడ్ 12 వికెట్లు తీశాడు, రెండో ఇన్నింగ్స్‌లో మన హైదరాబాదీ గులాం అహ్మద్ నాలుగు పడగొట్టాడు. అదే ఏడాది డిసెంబరు 15న, 58 రోజుల దీక్ష తర్వాత పొట్టి శ్రీరాములుగారు మైలాపూరులో కన్నుమూశారు. ఆ రోజుల్లో ఇక్కడి పత్రికల్లో అచ్చయిన ఫొటోలను మళ్లీ చూడాలంటే నెగెటివ్ దొరకాలి, అంతే.

కోట్టయ్యూరులో ఒక్క మనిషి పోగుచేసిన తమిళ పుస్తకాలు ఇవాళ తరమణిలో రోజా ముత్తయ్య గ్రంథాలయంగా నిలిచాయి. ఎగ్మూరులో ప్రభుత్వ ఆర్కైవ్స్ ఉన్నాయి. ఫొటోలకు అలాంటి చల్లని, పొడి గది ఒక్కటి చాలు. చెన్నై తెలుగు సంఘాలు, క్రికెట్ సంఘం కలిసి పూనుకోవాలి. పాత ఫొటోగ్రాఫర్ల ఇళ్లలో అటకల మీద ఏమున్నాయో తెలపమని మీ పత్రిక ఒక ప్రకటన వేయాలి. ఇకపై ప్రతి ఫొటో కింద తీసినవారి పేరు వేయమనీ వేడుకుంటున్నాను.

ఆలస్యం మాత్రం చేయకండి. నా దగ్గర నలభై నెగెటివ్ కవర్లు మిగిలాయి, ఎవరు తీసుకుంటామన్నా ఇస్తాను. వాటి మీద రాత నాదే. ఏ రోజు, ఏ మ్యాచ్, ఎవరు తీశారన్నది పక్కన కూర్చుని చెప్పగలను.

— ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై