ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) రోజున బస్సు సర్వీస్ పుస్తకం కూడా అడిగించండి: రవాణా శాఖ మంత్రి గారికి ఒక స్కూల్ బస్సు డ్రైవర్ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను ఖమ్మం జిల్లాలో పద్నాలుగేళ్లుగా స్కూల్ బస్సు నడుపుతున్నాను. ఏటా మే 15తో మా బళ్ల ఫిట్‌నెస్ గడువు అయిపోతుంది. జూన్‌లో బడులు తెరిచేలోపు బండికి రంగు వేయించి, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, మంటలార్పే సిలిండర్ సర్దుకుని ఎఫ్‌సీకి తీసుకెళ్తాం. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు బ్రేకులు, లైట్లు, ఎమర్జెన్సీ డోర్ చూస్తారు. అవన్నీ చూడాల్సినవే. ఇంజన్ ఆయిల్ ఎప్పుడు మార్చారన్న ప్రశ్న మాత్రం నాకు ఇంతవరకు ఎదురుకాలేదు.

మూడేళ్ల కిందట, నవంబర్ నెల. అప్పట్లో నేను వేరే బడిలో పనిచేసేవాణ్ణి. బస్సులో ముప్పై ఎనిమిది మంది పిల్లలు. వంతెన ఎక్కుతుండగా ఆయిల్ లైట్ వెలిగింది, కింద టకటకమని చప్పుడు మొదలైంది. పక్కకు తీసేలోపే ఇంజన్ పట్టేసింది. ఇంజన్ ఆగితే పవర్ స్టీరింగ్ పనిచేయదు, చక్రం బిగుసుకుపోతుంది. బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్ కూడా ఆగిపోతుంది, ట్యాంకులో మిగిలిన గాలితో నాలుగైదు సార్లు బ్రేకు పడితే గొప్ప. వెనక లోడు లారీ. దేవుడి దయ వల్ల ఆ డ్రైవర్ చూసుకున్నాడు. మా ఆయమ్మ పిల్లల్ని దించి మిరప చేను గట్టు మీద కూర్చోబెట్టింది. ఒకటో తరగతి పాప నా చొక్కా పట్టుకుని ఎంతసేపటికీ వదల్లేదు.

షెడ్డులో ఆయిల్ చాంబర్ విప్పితే ఆయిల్ లేదు, తారు ముద్ద ఉంది. జల్లెడ మూసుకుపోయి పైకి ఆయిల్ అందక బేరింగులు కాలిపోయాయి, క్రాంక్ గీసుకుపోయింది. కొన్ని వేలతో పోయే పనికి లక్షా ఎనభై వేలు అయ్యాయి.

ఆయిల్ మార్చమని నేను జూన్ నుంచీ అడుగుతూనే ఉన్నాను. "ఇంకా కిలోమీటర్లు కాలేదు కదా" అనేవారు యాజమాన్యం వాళ్లు. అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది సార్. కంపెనీ పుస్తకంలో ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది అని రాసి ఉంటుంది. మా బస్సు రోజుకు యాభై కిలోమీటర్లు కూడా తిరగదు. కిలోమీటర్లు రావు, నెలలు మాత్రం గడిచిపోతాయి. వీధికోసారి ఆగుతూ, స్టార్టింగ్‌లో నిలబడుతూ నడిచే డీజిల్ బండిలో మసి ఆయిల్‌లో కలుస్తూనే ఉంటుంది. ఎండాకాలం సెలవుల్లో నిలిపి ఉంచితే ట్యాంకులో తేమ చేరి డీజిల్ కింద నీళ్లు దిగుతాయి. ఫిల్టర్ దగ్గర ఆ నీళ్లు వదలకపోతే పంపు, నాజిళ్లు పాడవుతాయి.

పొగ తక్కువ వదలాలన్న బీఎస్6 నిబంధన ప్రకారం 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బళ్లలో ఇంకొకటి తోడైంది. పొగ గొట్టంలోని మసి ఫిల్టర్ బాగా వేడెక్కితేనే మసి కాలుతుంది. చిన్న దూరాలు నెమ్మదిగా తిరిగే మా బళ్లలో ఆ వేడి సరిగ్గా అందదు. దాన్ని కాల్చడానికి ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది, కొన్ని బళ్లలో అది జారి ఆయిల్‌లో కలుస్తుంది. గేజ్ కడ్డీ మీద ఆయిల్ పెరిగినట్టు కనిపిస్తే చాలామంది బాగానే ఉందనుకుంటారు. నిజానికి పలచబడిన ఆయిల్ అది. ఈ సంగతి మాకు చెప్పేవాళ్లు లేరు. నేను ఒక మెకానిక్ దగ్గర నేర్చుకున్నాను.

నేను కోరేది కొత్త యంత్రాలు కాదు. ప్రతి స్కూల్ బస్సుకూ ఒక సర్వీస్ పుస్తకం ఉండాలి. ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్ ఏ తేదీన మార్చారో, ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారో రాసి బిల్లు అతికించాలి. అది లేకపోతే ఎఫ్‌సీ ఇవ్వొద్దు. దసరా సెలవుల్లో ఇంకోసారి ఆ పుస్తకం చూడాలి. అన్నిటికంటే ముఖ్యం, బండిలో లోపం ఉందని డ్రైవర్ ఆ పుస్తకంలో రాస్తే యాజమాన్యం కింద సంతకం పెట్టి జవాబు రాయాలి. నోటి మాటగా చెప్తే మా మాట ఎవరూ వినరు సార్. గట్టిగా చెప్తే ఉద్యోగం పోతుందేమోనన్న భయం. ఆ నవంబర్‌లో నేను ఇంకాస్త గట్టిగా చెప్పి ఉండాల్సింది అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

వచ్చే మే నెల ఎఫ్‌సీల నాటికి ఇది మొదలుపెట్టించండి. నా బండి పుస్తకం నేను రాస్తూనే ఉన్నాను. ఎప్పుడు రమ్మంటే అప్పుడు తెచ్చి చూపిస్తాను.

ఇట్లు,
ఒక స్కూల్ బస్సు డ్రైవర్,
ఖమ్మం జిల్లా