సానికి నాలుగో వంతు

తిరుపతి

సుజాతా,

ఏమ్మే, ఉత్తరం నిండా తిట్లేనా! "రాణిగారి నవల ఎందాకా వచ్చింది?" అని అడిగావు కదా, రాణిగారిని పక్కన పెట్టేశాను. తిరుమలదేవి, చిన్నాదేవి కృష్ణరాయలకు చెరో పక్కన చేతులు జోడించి తిరుమల గుళ్ళో విగ్రహాలై ఎలాగూ నిలబడే ఉన్నారు. 1513లో స్వామి పాల నైవేద్యానికి చెరొక బంగారు గిన్నె ఇచ్చారని శాసనం. ఆ తర్వాత? నా కథలో రాణి నగలు పెట్టుకుంటుంది, పల్లకీ ఎక్కుతుంది, నిట్టూరుస్తుంది. ఎన్ని పేజీలని నిట్టూర్పిస్తాం?

ఇప్పుడు నా మనిషి ఒక గుడిసాని, అంటే గుడి సేవలో ఉండే దేవదాసి. కాలం కృష్ణరాయల తర్వాత గద్దెక్కిన తమ్ముడు అచ్యుతరాయలది. దేవస్థానం అచ్చువేసిన శాసనాల సంపుటాల్లో ఇలాంటి ఆడవాళ్ళు సొంత పేరుతో, సొంత సొమ్ముతో నైవేద్యాలు ఏర్పాటు చేసినవి ఉన్నాయి. పద్ధతి విను, బలే ఉంటుంది. సొమ్ము గుడి భండారంలో కట్టాలి. దాంతో గుడి ఊళ్ళలో చెరువులు, కాలువలు బాగుచేయిస్తారు. పెరిగిన పంటలోంచి ఆమె పేరున నైవేద్యం జరుగుతుంది. ఆ ప్రసాదంలో నాలుగో వంతు దాతది. తినొచ్చు, పంచొచ్చు, అమ్ముకోవచ్చు, ఇంకొకరికి రాసివ్వొచ్చు. మనవాళ్ళు దేవదాసి కథంటే మొదటి పేజీలోనే ఏడిపిస్తారు. ఏడిచే ఉంటుందిలే, కానీ ఏ ఊరి చెరువుకు సొమ్ము పెడితే పంట ఎక్కువో కూడా ఆలోచించి ఉంటుంది కదా. నాకు ఆ మనిషి కావాలి.

తాళ్లపాక తిమ్మక్క కోసమూ మనసు కొట్టుకుంటోంది. మొగుడు అన్నమయ్య పాటలు వేలకు వేలు రాగిరేకులకెక్కాయి, ఆమెది 'సుభద్రా కల్యాణం' ఒక్కటే మనదాకా వచ్చింది. ఆ ఇంటి పని మధ్య ద్విపద ఎప్పుడు అల్లిందో! ఆమెకు ఇందులో చోటు చాలదు, ఇంకో పుస్తకం రాయాల్సిందే.

అసలు టెన్షన్ వంటింట్లో వచ్చింది. మిరపకాయ, టమోటా, చెనక్కాయ అన్నీ అమెరికా ఖండం నుంచి వచ్చిన సరుకే. మిరపకాయ పోర్చుగీసు ఓడల్లో రేవుల్లో దిగినా, అప్పటికే కొండ కింది ఇళ్ళ దాకా వచ్చిందంటే నేను నమ్మను. చిత్తూరు జిల్లాలో పుట్టి, మిరపకాయ, చెనక్కాయ నూరిన ఊరుబిండి లేకుండా సంగటి ఎట్లా తినిపించేది? మిరియాలు, చింతపండుతో నెట్టుకొస్తున్నా. మా అత్త ఆ అధ్యాయం చదివి "ఇదేం కూడు, బాలింత పథ్యమా?" అంది.

సరే, నువ్వు బ్యాంకులో లోన్లు చూస్తావు కాబట్టి ఒకటి అడుగుతా. మా సాని సొమ్ము పెట్టిన చెరువు రెండేళ్ళుగా నిండలేదనుకో. పెంచుకున్న కూతురు ఆ నాలుగో వంతు తన పేరున రాయమంటోంది. వ్యాపారి ఒకడు ఇప్పుడే చవగ్గా కొంటానంటున్నాడు. ఆమె స్థానంలో నువ్వుంటే ఏం చేస్తావు? త్వరగా రాయి, పదో అధ్యాయం అక్కడే ఆగిపోయింది.

నీ
రమ