విద్యాశాఖ మంత్రి గారికి: రాజ్యాంగ సభ చర్చలను మా పిల్లలకు తెలుగులో చదివించండి

మంత్రి గారికి నమస్కారం.

హన్మకొండలో డిగ్రీ పిల్లలకు పొలిటికల్ సైన్స్ చెప్తాను. గ్రూప్స్‌కు చదివే పిల్లలూ డౌట్లతో ఇంటికి వస్తుంటారు. ముసాయిదా కమిటీ వేసింది 1947 ఆగస్టు 29న, సభ్యులు ఏడుగురు, రాజ్యాంగం రాయడానికి పట్టింది 2 సంవత్సరాల 11 నెలల 18 రోజులు... నిద్రలో లేపి అడిగినా చెప్తారు. దాన్ని రాసిన రాజ్యాంగ సభలో ఎవరు ఎవరితో ఎందుకు వాదించారో అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. తప్పు వాళ్లది కాదు సార్, బిట్ పేపర్‌లో అది రాదు.

మొన్న పరకాల వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి, వాళ్ల నాన్న వార్డు మెంబరు, పంచాయతీల గురించిన 40వ అధికరణ ఎట్లా వచ్చిందని అడిగింది. లైబ్రరీకి పోతే బీరువాకు తాళం, తాళంచెవి ఉన్నాయన లీవు. తెరిపించాక చూస్తే ఆ సభ చర్చల సంపుటాల్లో మాకు కావాల్సిన ఏడోదే లేదు. చివరికి ఫోన్‌లోనే ఇంగ్లీషులో చదివాం, పది పేజీలకు ఒక మధ్యాహ్నం పట్టింది.

1948 నవంబరు 4న ముసాయిదాను సభ ముందు పెడుతూ అంబేద్కర్ ఊరిని ఏమాత్రం మెచ్చుకోలేదు. అజ్ఞానం, సంకుచితత్వం, మతతత్వం గూడుకట్టుకున్న చోటన్నారు, ఊరిని కాకుండా మనిషిని యూనిట్‌గా తీసుకున్నందుకు సంతోషమనీ అన్నారు. హెచ్.వి. కామత్ లాంటి సభ్యులు ఊరుకుంటారా, గట్టిగానే తగులుకున్నారు. నవంబరు 22న కె. సంతానం అనే సభ్యుడు పంచాయతీల సవరణ తెస్తే అదే అంబేద్కర్ పెద్ద ఉపన్యాసమేమీ లేకుండా ఒప్పుకున్నారు. అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆయన చెప్పిన ఊరు మాదే సార్" అంది. ఇరవై ఏళ్లుగా పాఠం చెప్తున్న నాకు జవాబు తోచలేదు.

ఇంకొకటి. దుర్గాబాయి, రంగా, ప్రకాశం గారు ఆ సభలో ఉన్నారు గానీ వాళ్లంతా మద్రాసు నుంచి వెళ్లినవాళ్లు. మన హైదరాబాద్ సంస్థానం నుంచి ఒక్కరూ ఆ సభలో కూర్చోలేదు. మన తాతల మాట ఆ సంపుటాల్లో ఎక్కడా లేదు, కనీసం మనవళ్లనైనా వాటిని చదవనివ్వండి.

పన్నెండు సంపుటాలూ ఒకేసారి తెమ్మనట్లేదు. వచ్చిన సవరణలే 7,635, అది చిన్న పని కాదని తెలుసు. ప్రాథమిక హక్కులు, పంచాయతీలు, భాష, ఈ మూడింటి చర్చలు వాడుక తెలుగులో వేయించి జిల్లా లైబ్రరీలకు పంపండి, బీరువాలో కాదు, రీడింగ్ రూమ్ టేబుల్ మీద పెట్టమనండి. అనువాదానికి మనుషులు లేరంటారేమో, నలుగురిని నేను చూపిస్తాను. పైసలు మాత్రం టైముకు ఇప్పించండి.